ఒక్క ఓడ, పది కంప్యూటర్లు: ఆన్‌లైన్‌లో విమానవాహక నౌక మీద దిగడంలో ఉన్న చిక్కుముడి

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ ముందు కూర్చుని, ఒంటరిగా, విమానవాహక నౌక మీద దిగడం ఒంటబట్టించుకున్నవారు కూడా అదే పని మొదటిసారి ఆన్‌లైన్‌లో నలుగురితో కలిసి చేసినప్పుడు తెల్లబోతారు. డెక్ (ఓడ పైతలం) మీద బ్రేకులు వేసి నిలిపిన స్నేహితుడి విమానం చక్రాలు తిరక్కుండానే వెనక్కి జారుతుంది. ముందు వెళ్తున్న విమానం ఉన్నట్టుండి నాలుగు గజాలు పక్కకు గెంతుతుంది. అన్నిటికంటే విడ్డూరం దిగేటప్పుడు జరుగుతుంది. మీ తెర మీద మీ కొక్కెం చక్కగా మూడో తీగను పట్టుకుని, మీరు క్షేమంగా ఆగి ఉంటారు. అదే సమయంలో హెడ్‌ఫోనులో గుంటూరు నుంచి మిత్రుడు "అయ్యో, ఓడ వెనక అంచుకు కొట్టుకున్నావు!" అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

విజయవాడ, గుంటూరు, మంగళగిరి, తెనాలి నుంచి రాత్రిళ్లు ఇలా కలిసి ఎగిరే చిన్న బృందంలో నేనూ ఒకడిని. కొత్తగా వచ్చేవారంతా అడిగేది ఇంచుమించు ఒకటే: నా ఇంటర్నెట్ బాగాలేదా, జాయ్‌స్టిక్ బాగాలేదా, నాకే చేతకావడం లేదా? చాలాసార్లు ఈ మూడింటిలో ఏదీ కారణం కాదు. మనమంతా ఒకే ఓడ మీద ఉన్నామని నమ్ముతాం. నిజానికి ఎన్ని కంప్యూటర్లు ఉంటే అన్ని ఓడలు ఉంటాయి. ఆ ఓడలన్నీ ఒకే చోట ఉన్నట్టు కనిపించేలా చేయడానికి యంత్రాలు ఒక పద్ధతి పాటిస్తాయి, మనుషులు ఇంకో పద్ధతి పాటించాలి. రెండు పద్ధతుల సారం ఒక్కటే కావడం నన్ను ఈ విషయం వైపు ఇంతగా లాగింది.

కదిలే నేల

గన్నవరం విమానాశ్రయం రన్‌వే మూడు కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది, నిన్న ఎక్కడ ఉందో ఇవాళా అక్కడే ఉంటుంది. అమెరికా నిమిట్జ్ తరగతి నౌక మొత్తం పొడవు సుమారు 333 మీటర్లు. కొచ్చిలో తయారై 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన మన ఐఎన్ఎస్ విక్రాంత్ పొడవు 262 మీటర్లు. ఇందులో దిగడానికి దక్కేది కొంత భాగమే. దాని మీద అడ్డంగా ఉక్కు తీగలు ఉంటాయి. నిమిట్జ్ మీద నాలుగు, విక్రాంత్ మీద మూడు. నిమిట్జ్ మీద తీగకూ తీగకూ మధ్య ఎడం సుమారు 12 మీటర్లు. హార్నెట్ యుద్ధవిమానం సెకనుకు దాదాపు 70 మీటర్ల వేగంతో వచ్చి, తోకకింది కొక్కెంతో ఆ తీగల్లో ఒకదాన్ని పట్టుకోవాలి. రెండు తీగల మధ్య దూరాన్ని అది దాటడానికి సెకనులో ఆరో వంతు చాలు. ఈ లెక్కను గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఓడ కూడా కదులుతూనే ఉంటుంది. విమానాలు దిగేటప్పుడు అది గాలికి ఎదురుగా, మాటవరసకు 25 నాట్ల వేగంతో సాగుతుంది, అంటే సెకనుకు సుమారు 13 మీటర్లు. కదిలే ఓడ మీద మొట్టమొదట విమానం దించినది బ్రిటిష్ పైలట్ ఎడ్విన్ డన్నింగ్. 1917 ఆగస్టు 2న హెచ్ఎంఎస్ ఫ్యూరియస్ మీద దిగిన ఆయన, అయిదు రోజుల తర్వాత మళ్లీ అలాంటి ప్రయత్నంలోనే ప్రాణాలు కోల్పోయారు. దిగే దారిని ఓడ నడుమ గీతకు కాస్త ఎడమవైపుకు తిప్పే ఆలోచన 1951లో బ్రిటిష్ నౌకాదళ అధికారి డెనిస్ క్యాంబెల్‌ది. కొక్కెం తీగను పట్టకపోతే విమానం ముందున్న విమానాల్లోకి దూసుకుపోకుండా నేరుగా గాల్లోకి లేచిపోవడానికి ఆ వాలు దారి అవకాశమిచ్చింది. అందుకే చక్రాలు డెక్‌ను తాకిన క్షణంలో పైలట్ ఇంజిన్ జోరు పెంచే థ్రాటిల్‌ను పూర్తిగా ముందుకు నెడతాడు. ఆగానని కళ్లారా చూశాకే వెనక్కి తీస్తాడు.

ఆ వాలు దారి ఒక ఇబ్బందినీ తెచ్చింది. నిమిట్జ్ మీద దిగే దారి ఓడ ముఖానికి సుమారు 9 డిగ్రీలు ఎడమకు తిరిగి ఉంటుంది. ఓడ మాత్రం తన ముఖం వైపే పోతుంది. కాబట్టి వెనక నుంచి వచ్చే పైలట్‌కు దారి ఎప్పుడూ మెల్లగా కుడివైపుకు జరుగుతూ కనిపిస్తుంది. 25 నాట్ల వేగం దగ్గర ఆ జరుగుడు సెకనుకు రెండు మీటర్లు. చివరి మలుపు తిరిగి సూటిగా వచ్చే 18 సెకన్లలో 36 మీటర్లు. హార్నెట్ రెక్కల కొస నుంచి కొసకు సుమారు 12 మీటర్లే అని గుర్తుచేసుకుంటే, ఓడ ఇప్పుడున్న చోటికి గురిపెట్టినవాడు ఎక్కడికి చేరతాడో తెలుస్తుంది. ఇది ఒంటరిగా ఎగిరేటప్పుడూ ఉన్న కష్టమే. ఆన్‌లైన్‌లో దీనికి ఇంకో పొర తోడవుతుంది.

ఓడ ఎవరి లెక్క?

ఆన్‌లైన్ సిమ్యులేటర్‌లో పని ఇలా పంచుకుంటారు. మీ విమానం ఎలా ఎగరాలో మీ కంప్యూటరే లెక్కకడుతుంది. నా విమానం నా కంప్యూటర్ లెక్క. డీసీఎస్ వరల్డ్ లాంటి సిమ్యులేటర్లలో ఓడ సర్వర్ లెక్క, అంటే అందరినీ కలిపే నడిమి కంప్యూటర్ లెక్క. ప్రతి కంప్యూటరూ తన లెక్కను చిన్న చిన్న ప్యాకెట్లుగా మిగతావారికి పంపుతూ ఉంటుంది: నేను ఫలానా చోట ఉన్నాను, ఫలానా వైపు ఇంత వేగంతో పోతున్నాను అని. ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్‌లో ఇవి సాధారణంగా సెకనుకు పది వెళ్తాయి. అంటే ఒక ప్యాకెట్‌కూ మరో ప్యాకెట్‌కూ మధ్యలో దిగే విమానం ఏడు మీటర్లు జరిగిపోతుంది. ప్యాకెట్ దారిలో గడిపే కాలం దీనికి అదనం.

ఈ ఖాళీలను కంప్యూటర్ అంచనాతో పూరిస్తుంది. రైలులో వస్తున్న బంధువు తెనాలి దాటామని ఫోను చేస్తే, విజయవాడ స్టేషనుకు ఎప్పుడు బయల్దేరాలో మనం మళ్లీ అడగం. రైలు వేగం తెలుసు, దారి తెలుసు, లెక్క వేసుకుంటాం. కంప్యూటర్ చేసేదీ అదే. చివరిగా తెలిసిన చోటు, వేగం, దిశ తీసుకుని విమానాన్ని ముందుకు జరుపుతూ పోతుంది. కొత్త ప్యాకెట్ వచ్చాక అంచనా తప్పని తేలితే సరిదిద్దుతుంది. మీకు గెంతులా కనిపించినది ఆ దిద్దుబాటే.

ఈ మాట అర్థమైతే చాలా వింతలు విడిపోతాయి. తిన్నగా, ఒకే వేగంతో సాగే ఓడ విషయంలో అంచనా దాదాపు తప్పదు. కాబట్టి పదిమంది తెరల మీదా ఓడ ఒకే చోట ఉంటుంది. ఓడ మలుపు తిరగడం మొదలుపెట్టగానే అంచనాలు తప్పుతాయి, ప్రతి దిద్దుబాటుకూ డెక్ చిన్నగా కదులుతుంది. గాల్లో ఉన్నవాడికి ఆ కదలిక తెలియదు. డెక్ మీద ఉన్న చక్రాల స్ప్రింగులకు మాత్రం నేల ఒక్కసారిగా గుద్దినట్టే. విమానాలు నిలుచున్న చోటే ఎగిరిపడడానికి, ఒక్కోసారి పేలిపోవడానికి ఇది ఒక పెద్ద కారణం. మిషన్, అంటే మనం ఎగిరే సన్నివేశం, తయారుచేసేవారికి నేను మొదట చెప్పేది ఇదే: విమానాలు దిగే వేళ ఓడను తిప్పకండి. గంటన్నర పాటు 25 నాట్ల వేగంతో తిన్నగా పోవాలంటే దాదాపు 70 కిలోమీటర్ల సముద్రం కావాలి. పర్షియన్ గల్ఫ్ లాంటి ఇరుకు జలాల్లో దీనికి ముందే దారి గీసుకోవాలి.

డెక్ మీద జారే విమానం సంగతీ ఇదే తీరు. ఆగి ఉన్న మిత్రుడి విమానం తన చోటును భూగోళం మీది అక్షాంశ రేఖాంశాల్లో చెబుతోందనుకోండి. ఆ కబురు మీకు 0.15 సెకన్ల తర్వాత అందితే ఓడ ఈలోగా రెండు మీటర్లు ముందుకు పోయింది. విమానం రెండు మీటర్లు వెనకబడి కనిపిస్తుంది. ఆలస్యం ఎక్కువ తక్కువ అవుతూ ఉంటే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దీనికి విరుగుడు, డెక్‌ను తాకాక చోటును ఓడను బట్టి చెప్పడం: ఓడ నడుమ నుంచి ఇన్ని మీటర్లు వెనక, ఇన్ని మీటర్లు కుడి. అప్పుడు ఎంత ఆలస్యమైనా విమానం కుదురుగా ఉంటుంది.

సంఖ్యల సన్నదనం అని మరో చిక్కు ఉంది. భూమి నడుమ నుంచి ఉపరితలానికి దూరం మీటర్లలో 63 లక్షల పైమాటే. అంత పెద్ద సంఖ్యను 32 బిట్ల దశాంశ సంఖ్యగా దాస్తే అర మీటరు కంటే చిన్న తేడా నిలవదు. అందుకే మంచి సిమ్యులేటర్లు 64 బిట్ల సంఖ్యలు వాడతాయి, లేదా దగ్గరలోని ఒక బిందువును సున్నాగా పెట్టుకుని లెక్కిస్తాయి.

ఫ్లైట్‌గేర్‌లో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. అందులో ఓడను మామూలుగా ఎవరి కంప్యూటర్‌లో వారు విడివిడిగా నడుపుతారు. నేను తొమ్మిదింటికి ఓడను మొదలుపెట్టి, మీరు తొమ్మిదీ పదికి మొదలుపెడితే, మన ఓడల మధ్య పది నిమిషాల ప్రయాణమంత దూరం ఉంటుంది. నేను డెక్ మీద ఉంటాను, మీకు మాత్రం ఉత్త నీళ్ల మీద తేలుతూ కనిపిస్తాను. దీన్ని తీర్చడానికే బృందంలో ఒకరు ఓడను నడిపే పాత్ర తీసుకుని, మిగతావారి ఓడలు ఆ ఒక్కదాన్నే అనుసరించే ఏర్పాటు చేశారు.

తీగ తీర్పు ఎవరిది?

ఇప్పుడు మొదటి పేచీకి వద్దాం. విజయవాడలో పైలట్ మూడో తీగను పట్టాడు, గుంటూరులో చూస్తున్నవాడికి ఓడ అంచును కొట్టాడు. ఎవరి మాట చెల్లాలి? నా సమాధానం స్పష్టం: పైలట్ కంప్యూటర్ మాటే చెల్లాలి. ఆ విమానాన్ని, దాని చక్రాలను, కొక్కెంను లెక్కకడుతున్నది అదే. మిగతావారు చూస్తున్నది కాస్త పాతబడిన కబురు మీద కట్టిన అంచనా. కబురు 0.15 సెకన్లు ఆలస్యమైతే, అంచనా వేయకుండా చూపించే తెర మీద విమానం పది మీటర్లకు పైగా వెనక ఉంటుంది. అంటే దాదాపు ఒక తీగ తేడా.

అయితే బయటి నుంచి చూసే మనిషికి విలువ లేదా? చాలా ఉంది. నౌకల మీద ఎల్ఎస్ఓ (ల్యాండింగ్ సిగ్నల్ ఆఫీసర్) అనే అధికారి ఉంటారు. ఆయన కూడా పైలటే. డెక్ వెనక ఎడమ అంచున నిలబడి, దిగే ప్రతి విమానాన్నీ గమనిస్తూ రేడియోలో సూచనలిస్తారు, తర్వాత మార్కులు వేస్తారు. లోటుపాట్లు లేకుండా దిగితే నాలుగు, కొంచెం తేడాలుంటే మూడు, తీగను అందుకోలేక లేచిపోతే రెండున్నర, ప్రమాదకరంగా దిగితే సున్నా. ఆలస్యం వల్ల ముందువెనకల దూరంలో మీటర్లకొద్దీ తేడా వస్తుంది. ఎత్తులో మాత్రం తేడా స్వల్పం. విమానం సెకనుకు మూడున్నర మీటర్లు దిగుతుంటుంది కాబట్టి 0.15 సెకన్లలో అర మీటరే. పక్కల తేడా ఇంకా తక్కువ. అందుకే మేము పెట్టుకున్న నియమం: ఏ తీగ అన్నది పైలట్ తెర చెబుతుంది, ఎలా వచ్చాడన్నది ఎల్ఎస్ఓ చెబుతారు.

మా ఎల్ఎస్ఓ గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక విశ్రాంత అధ్యాపకులు. అందరం మాస్టారూ అనే పిలుస్తాం. ఆయన పనిచేసే తీరు దగ్గర నుంచి చూస్తే ఈ విషయమంతా ఒక్క చోట కనబడుతుంది.

పైలట్ చివరి మలుపు నుంచి బయటికి వస్తూ, ఓడకు ముప్పావు నాటికల్ మైలు దూరంలో, డెక్ ఎడమ అంచున ఉన్న అద్దాల దీపాన్ని చూస్తాడు. రెండు పక్కలా ఆకుపచ్చ దీపాల వరస, నడుమ నారింజ రంగు వెలుగు. వెలుగు వరసకు పైన ఉంటే విమానం ఎక్కువ ఎత్తులో ఉంది, కింద ఉంటే తక్కువ ఎత్తులో ఉంది. మరీ కిందికి పోతే అది ఎరుపెక్కుతుంది. వెలుగు కనబడగానే పైలట్ పలుకుతాడు: "రెండు సున్నా ఒకటి, హార్నెట్, బాల్, అయిదు పాయింటు రెండు." తన నంబరు, విమానం రకం, వెలుగు కనబడిందన్న మాట, మిగిలిన ఇంధనం వేల పౌండ్లలో. మాస్టారు "రోజర్ బాల్" అంటారు. ఇక 15 నుంచి 18 సెకన్లు. ఆ సెకన్లలో పైలట్ కళ్లు మూడింటి మీదే తిరుగుతాయి: వెలుగు, దారి నడిగీత, రెక్క గాలిని కోసే కోణం. హార్నెట్‌కు ఆ కోణం 8.1 డిగ్రీల దగ్గర నిలవాలి.

ఈలోగా మాస్టారి వైపు ఏం జరుగుతోందో చూడండి. విమానం కిందికి జారడం ఆయన తెర మీదికి రావడానికి సెకనులో పదో వంతో, ఇంకాస్తో. గమనించి నోరు తెరవడానికి పావు సెకను. మాట ఇంటర్నెట్ మీదుగా పైలట్ చెవిని చేరడానికి మరో 0.15 సెకను. పైలట్ చేయి కదలడానికి పావు సెకను. మొత్తం 0.8 సెకన్ల దాకా పోతుంది. ఆపై ఇంజిన్ పుంజుకోవడానికి పట్టే సమయం వేరు. ఆ 0.8 సెకన్లలో విమానం 56 మీటర్లు ముందుకొస్తుంది. ఉండాల్సిన దానికంటే సెకనుకు రెండు మీటర్లు అదనంగా దిగిపోతుంటే ఒకటిన్నర మీటరు ఎత్తు పోతుంది. ఓడ వెనక అంచును దాటేటప్పుడు కొక్కెంకూ డెక్‌కూ మధ్య ఉండాల్సిన ఎడం నాలుగు మీటర్ల పైచిలుకు మాత్రమే.

"బాబూ, నువ్వు కిందికి జారాక చెబితే లాభం లేదు. జారబోతున్నావని నాకు అనిపించినప్పుడే చెప్పాలి," అన్నారాయన ఒకసారి. అందుకే ఆయన నోటి నుంచి "పవర్" (ఇంజిన్ జోరు పెంచు) అన్న మాట వచ్చేసరికి వెలుగు ఇంకా నడుమే ఉంటుంది. కొత్త పైలట్లు ఎందుకన్నారో తెలియక తటపటాయిస్తారు. తటపటాయించకూడదు. ఎల్ఎస్ఓ మాటను అమలు చేశాకే ఆలోచించాలి. కంప్యూటర్ విమానాన్ని ముందుకు జరిపి చూపించినట్టే ఆయనా మనసులో ముందుకు జరిపి చూస్తున్నారు.

మనుషుల పద్ధతి

యంత్రాల పద్ధతికి పునాది ఒక్కటే: కదలిక ఊహకు అందేలా ఉండాలి. నౌకాదళాలు దశాబ్దాలుగా వాడుతున్న క్రమం కూడా దీని మీదే నిలబడింది. మేఘాలు 3,000 అడుగులకు పైన ఉండి, చూపు అయిదు నాటికల్ మైళ్లు ఆనే పగటి వేళ పాటించేది కేస్ వన్. తిరిగొచ్చిన విమానాలు ఓడ చుట్టూ ఎడమ చేతివైపుగా, అయిదు మైళ్ల వ్యాసంతో గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. అన్నిటికంటే కింది బృందం 2,000 అడుగుల వద్ద, ఆ పై బృందం 3,000 వద్ద, ఆపై 4,000. కింది బృందం దిగడానికి బయల్దేరితే పైవారు ఒక్కో మెట్టు దిగుతారు. బయల్దేరినవారు ఓడ వెనక మూడు మైళ్ల దగ్గర 800 అడుగులకు వచ్చి, ఓడ కుడి పక్కగా ముందుకు సాగి, ఒకరి తర్వాత ఒకరు ఎడమకు గట్టిగా తిరుగుతారు. తర్వాత 600 అడుగుల వద్ద ఓడకు ఎదురు దిశలో వెళ్లి, చివరి మలుపు తిరుగుతారు. ఇదంతా రేడియోలో దాదాపు మాటల్లేకుండా జరుగుతుంది. ఎవరు ఎక్కడ ఉండాలో అందరికీ ముందే తెలుసు.

రాత్రిపూట, లేదా వాతావరణం చెడినప్పుడు పాటించే కేస్ త్రీలో ఈ ఊహ గడియారానికి కట్టి ఉంటుంది. ఓడ వెనక ప్రతి విమానానికీ ఒక ఎత్తు, ఒక దూరం. ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని 15 కలిపితే దూరం మైళ్లలో వస్తుంది. 6,000 అడుగుల విమానం 21 మైళ్ల దగ్గర, 7,000 అడుగులది 22 మైళ్ల దగ్గర తిరుగుతూ ఉంటాయి. ప్రతి ఒక్కరికీ బయల్దేరే నిమిషం చెబుతారు, ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఒక నిమిషం. 250 నాట్ల వేగంతో దిగుతూ 5,000 అడుగుల దగ్గర దిగుడు తగ్గించి, 1,200 అడుగుల వద్ద సమంగా సాగి, మూడు మైళ్ల దగ్గర చివరి దిగుడు మొదలుపెట్టాలి. ఈ లెక్కకు చేతి గడియారం పనికిరాదు, మిషన్ గడియారమే ప్రమాణం. ఆ గడియారం సర్వర్‌ది, అందరికీ ఒక్కటే.

దీన్ని ఆటలో అనవసరమైన ఆర్భాటంగా తీసిపారేసేవారితో నాకు గట్టి పేచీ ఉంది. క్రమం లేకుండా ఆరుగురు ఒక్కసారి ఓడ మీద పడితే, ఎవరికి వారు అడ్డదిడ్డంగా తిరుగుతుంటే, కంప్యూటర్ల అంచనాలన్నీ ఒకేసారి తప్పుతాయి. పక్కవాడు నిజంగా ఎక్కడ ఉన్నాడో ఎవరికీ తెలియదు. క్రమంలో, స్థిరమైన వేగంతో, మెల్లని మలుపులతో ఎగిరేవాడు అందరి తెరల మీదా ఉన్నచోటే కనబడతాడు. 200 మిల్లీసెకన్ల ఆలస్యం ఉన్నా అతడి పక్కన రెక్కకు రెక్క ఆనించినట్టు ఎగరవచ్చు. కుదురుగా ఎగరని వాడి పక్కన 30 మిల్లీసెకన్లలోనూ ఎగరలేం.

మన ఊళ్ల నుంచి

విజయవాడ నుంచి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కు గీత గీసినట్టు కొలిస్తే సుమారు 7,300 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి వెళ్లి రావడానికి 73 మిల్లీసెకన్ల కంటే తగ్గే ఉపాయం ఏ కనెక్షన్‌కూ లేదు. కేబుళ్లు చుట్టుతిరిగి పోతాయి కాబట్టి ఆచరణలో దానికి రెట్టింపు దాటుతుంది. యూరప్ సర్వర్లతో వేళల ఇబ్బంది కూడా ఉంది. అక్కడ చలికాలంలో రాత్రి ఎనిమిదైతే మనకు అర్ధరాత్రి దాటి అరగంట. సొంత సర్వర్ పెట్టుకునేవారికి ముంబైలో, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో కూడా అమెజాన్ డేటా సెంటర్లు ఉన్నాయి. గంట లెక్కన అద్దెకు తీసుకోవచ్చు. డీసీఎస్ సర్వర్‌కు విండోస్ యంత్రం, ధారాళంగా ర్యామ్ కావాలి.

ఇంట్లోనే సర్వర్ నడుపుదామంటే ఒక గోడ అడ్డొస్తుంది. మన దగ్గర చాలా ఇంటి కనెక్షన్లలో ఎందరో వినియోగదారులు ఒకే బయటి ఇంటర్నెట్ (ఐపీ) చిరునామాను పంచుకుంటారు. మీరు బయటికి వెళ్లగలరు గానీ బయటివారు మీ తలుపు తట్టలేరు. సర్వీసు ఇచ్చే సంస్థను స్థిరమైన సొంత చిరునామా అడగాలి, లేదా అద్దె సర్వరే దిక్కు. ఫ్లైట్‌గేర్‌కు ఈ బాధ లేదు, స్వచ్ఛందంగా నడిచే ఉమ్మడి సర్వర్లు ఉన్నాయి. విజయవాడ, గుంటూరు పక్కపక్కనే ఉన్నా, ఇద్దరి కనెక్షన్లు వేర్వేరు సంస్థలవైతే ప్యాకెట్ చెన్నైకో ముంబైకో వెళ్లి తిరిగి రావచ్చని కూడా తెలుసుకోండి.

పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలం, మిల్లీసెకన్లలో) తక్కువ ఉండడం కంటే నిలకడగా ఉండడం ముఖ్యం. ఎప్పుడూ 150 ఉండే కనెక్షన్‌తో హాయిగా ఎగరవచ్చు. 40కీ 200కీ మధ్య ఊగే కనెక్షన్‌తో అంచనాలు నిలవవు. అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ ఒకదానికొకటి అడ్డం పడుతుంటాయి, అందుకే రౌటర్ నుంచి కంప్యూటర్‌కు కేబుల్ లాగడం అన్నిటికంటే చవకైన మేలు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. కాబట్టి చిన్న యూపీఎస్ కంప్యూటర్‌కే కాకుండా రౌటర్‌కూ ఉండాలి.

ఓడను ఎక్కడ ఉంచాలి? ఫ్లైట్‌గేర్‌లో ప్రపంచమంతా ఉంది, ఓడ చోటును ఒక చిన్న ఫైలులో అక్షాంశ రేఖాంశాలతో రాసుకోవచ్చు. మేము బంగాళాఖాతంలోనే, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి ఎదురుగా ఉంచుతాం. గన్నవరంలో లేస్తే దివిసీమ మీదుగా 70 కిలోమీటర్లకే తీరం దాటుతాం. 1971 యుద్ధంలో పాత విక్రాంత్ నుంచి సీ హాక్ విమానాలు లేచి కాక్స్ బజార్ మీద దాడి చేసింది ఈ సముద్రం నుంచే కదా అన్న తలపు నాకు ప్రతిసారీ వస్తుంది. దీనికి ఆచరణలోనూ ఒక లాభం ఉంది. చలికాలంలో ఇక్కడ గాలి ఈశాన్యం నుంచి, వానాకాలంలో నైరుతి నుంచి. మచిలీపట్నం నుంచి కాకినాడ వైపు తీరం కూడా ఇంచుమించు నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది. గాలికి ఎదురుగా నడిచే ఓడ ఏ కాలంలోనైనా తీరానికి సమాంతరంగా, తిరగాల్సిన పని లేకుండా, గంటలకొద్దీ పోగలదు.

మొదలుపెట్టేవారు ఇద్దరు చాలు. ముందు దిగే ఆలోచన మానుకుని, 2,000 అడుగుల వద్ద ఒకరు, 3,000 వద్ద ఒకరు, ఓడ చుట్టూ తిరగడం మాత్రమే చేయండి. ఎత్తు వంద అడుగులు కూడా చెదరకుండా అరగంట తిరగగలిగితే తర్వాతి మెట్టు. కొక్కెం దించకుండా డెక్‌ను తాకి లేవడం ఆ తర్వాత. తీగలు చివర్లో. ఇద్దరూ తమ తమ కంప్యూటర్లలో ట్యాక్‌వ్యూ లాంటి సాధనంతో ఎగిరిన దారిని రికార్డు చేసుకుని, రెండు రికార్డులను పక్కపక్కన పెట్టి చూడండి. ఓడ రెండింటిలోనూ దాదాపు ఒకే చోట ఉంటుంది, దిగే విమానం మాత్రం కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. ఆ తేడాను విమానం వేగంతో భాగిస్తే మీ ఇద్దరి మధ్య ఆలస్యం సుమారుగా తేలుతుంది. తర్వాతి రాత్రి ఎల్ఎస్ఓ కుర్చీలో కూర్చునేవారు "పవర్" అన్న మాటను ఎంత ముందుగా పలకాలో ఆ అంకె చెబుతుంది.